కూలి, కుటుంబం, ప్రభుత్వపు హద్దు: క్రైస్తవ ఆలోచన ఎక్కడ నిలబడింది?

1891లో ఆరు నెలల తేడాతో ఐరోపాలో రెండు చోట్ల ఒకే ప్రశ్నకు క్రైస్తవ సమాధానాలు వెలువడ్డాయి. మే నెలలో రోములో పోపు పదమూడవ లియో 'రేరుమ్ నొవారుమ్' అనే లేఖ విడుదల చేశాడు. నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన క్రైస్తవ సామాజిక మహాసభలో అబ్రహాం కైపర్ పేదరికం మీద ప్రసంగించాడు. ఒకరు కేథలిక్కు, మరొకరు కాల్విన్ బాటలో నడిచిన ప్రొటెస్టెంటు. వేదాంతంలో ఒకరి మాట ఒకరికి పడదు. అయినా ఫ్యాక్టరీ కూలీ దుస్థితి గురించి ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు. మనిషికి సొంత ఆస్తి ఉండాలి. కుటుంబం ప్రభుత్వం కంటే ముందు పుట్టింది కాబట్టి ప్రభుత్వం దాన్ని మింగకూడదు. కార్మికులు సంఘాలు పెట్టుకోవాలి. బలహీనుడు నలిగిపోతుంటే ప్రభుత్వం కలగజేసుకోవాలి, అయితే దానికొక హద్దు ఉండాలి.

ఈ నాలుగు మాటలూ కలిసి ఉంటేనే వాటికి అర్థం. ఆ తర్వాతి కాలమంతా వాటిని విడగొట్టి వాడుకున్న చరిత్రే. మార్కెట్ పక్షం వాళ్లు ఆస్తినీ హద్దునూ తీసుకుని కూలినీ సంఘాన్నీ వదిలేశారు. సోషలిజం వైపు మొగ్గిన క్రైస్తవులు కూలిని తీసుకుని హద్దును మరిచారు. అందుకే ఈ సమీక్షలో ప్రతి వాదాన్నీ ఒకే ప్రశ్నతో తూచాను: ఆస్తి, అండ రెండూ లేని రోజు కూలీకి ఈ వాదం ఏమిస్తుంది?

బైబిలు నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే అన్ని పక్షాలూ అక్కడికే వెళ్తాయి. ప్రభుత్వం మీద అనుమానానికి బలమైన ఆధారం సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం. మాకూ రాజు కావాలని జనం పట్టుబడితే, రాజు మీ కొడుకులను సైన్యానికి, కూతుళ్లను వంటశాలకు, మంచి పొలాలను తన ఉద్యోగులకు లాక్కుంటాడని సమూయేలు హెచ్చరిస్తాడు. నాబోతు ద్రాక్షతోట కథ ఆ హెచ్చరిక నిజమైన తీరు: పితరుల ఆస్తి అమ్మనన్నందుకు ఒక సామాన్యుడిని రాజు ఇంటివాళ్లే దొంగ సాక్ష్యంతో చంపించారు. ఆస్తి హక్కు పేదవాడికి రక్షణ అనే వాదానికి ఇంతకంటే గట్టి కథ లేదు. కానీ అదే ధర్మశాస్త్రం ఆ ఆస్తికి షరతులు కూడా పెట్టింది. పొలం అంచుల్లో కంకులు వదిలేయాలి, పరిగె ఏరుకునే హక్కు విధవరాలికీ పరదేశికీ ఉంటుంది. యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, అమ్ముడైన భూమి తిరిగి ఆ కుటుంబానికి చేరాలి. కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయాలి. పని చేయనివాడికి తిండి పెట్టవద్దన్న పౌలు మాటను చాలామంది గుర్తుపెట్టుకుంటారు. కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన ఆసాముల మీద యాకోబు రాసిన మాటలను అంతగా గుర్తుపెట్టుకోరు. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలీల ఉపమానమైతే రెండు పక్షాలకూ సొంతమే. నా సొమ్ము నా ఇష్టమని యజమాని అన్నాడు కదా అని ఒకరంటారు. సాయంత్రం వచ్చినవాడికి కూడా ఆ పూట ఇల్లు గడిచేంత ఇచ్చాడు కదా అని మరొకరంటారు. నాకు రెండో చదువే సరైనదిగా తోస్తుంది. రోజంతా ఎవరూ పనికి పిలవలేదని ఆ కూలీలే చెబుతారు. వాళ్లు సోమరులని కథలో ఎక్కడా లేదు.

మధ్యయుగాల్లో థామస్ అక్వినాస్ సొంత ఆస్తిని సమర్థిస్తూనే, ప్రాణం పోయే అవసరంలో ఉన్నవాడు ఇంకొకరి తిండి తీసుకుంటే అది దొంగతనం కాదన్నాడు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లోని సలమాంకా పండితులు బజారును మరింత దగ్గరగా చూశారు. న్యాయమైన ధర అంటే అధికారి రాసిపెట్టేది కాదు, మోసం, గుత్తాధిపత్యం లేని చోట జనం సాధారణంగా ఒప్పుకునే ధర అని వాళ్లలో చాలామంది వాదించారు. డబ్బు పెరిగిన చోట సరుకుల ధర పెరుగుతుందని మార్టిన్ అజ్పిల్‌కువేతా 1556లోనే గమనించాడు. అర్థశాస్త్రం పుట్టిన చోట్లలో పాప సంకీర్తనం వినే గురువుల గది కూడా ఒకటి. బేరం చేసే వర్తకులు అక్కడికి మనస్సాక్షి ప్రశ్నలతో వచ్చేవారు, గురువులు జవాబు వెతకాల్సి వచ్చేది.

పని విషయంలో లూథర్ తెచ్చిన మార్పు గొప్పది. మఠంలో సన్యాసి ప్రార్థన ఎంతో, చెప్పులు కుట్టేవాడి పనీ దేవుడి ముందు అంతే అన్నాడు. కానీ ఎవరి స్థానంలో వాళ్లే ఉండాలనీ అన్నాడు. 1525లో జర్మన్ రైతులు తిరగబడితే ప్రభువుల పక్షాన నిలిచాడు. పనికి గౌరవం ఇచ్చి, పని మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వకపోతే ఏమవుతుందో కులవృత్తులు చూసిన మన నేలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. జాన్ వెస్లీ ఇంకొక అడుగు ముందుకు వేశాడు: నిజాయితీగా సంపాదించండి, పొదుపు చేయండి, మిగిలినదంతా ఇచ్చేయండి అన్నాడు. మెథడిస్టులు మొదటి రెండూ బాగా చేసి మూడోది మరిచిపోతున్నారని చివరి రోజుల్లో ఆయనే బాధపడ్డాడు. అదే వెస్లీ 1773లో తిండి గింజల కొరత మీద రాస్తూ, ధాన్యంతో సారా కాయడం ప్రభుత్వం నిషేధించాలన్నాడు. వ్యక్తి క్రమశిక్షణను బోధించినవాడికి కూడా కరువులో ప్రభుత్వం కావలసి వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. పరిమిత ప్రభుత్వం అన్న క్రైస్తవ ఆలోచనకు అసలు పరీక్ష కరువులే పెట్టాయి. వాటిలో ఒకటి మన నేల మీదే జరిగింది.

ఆ కరువులకు ముందు, స్కాట్లండ్ బోధకుడు థామస్ చామర్స్ 1819లో గ్లాస్గోలోని సెయింట్ జాన్స్ పేటలో ఒక ప్రయోగం చేశాడు. పేదల కోసం పన్ను వసూలు చేసి పంచే పద్ధతి వద్దన్నాడు. పేటను చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక పరిచారకుడిని పెట్టాడు. సాయం అడిగినవాడి ఇంటికి ఆ పరిచారకుడు వెళ్తాడు. పని దొరుకుతుందా, బంధువులు ఆదుకుంటారా, ఇరుగుపొరుగు చూస్తారా అని అడుగుతాడు. ఇవన్నీ కాకపోతేనే సంఘపు కానుకల నుంచి సాయం. ఖర్చు బాగా తగ్గింది. ఎదుటి మనిషి పేరు తెలిసి ఇచ్చే సాయం అతని గౌరవాన్ని కాపాడుతుందన్నది చామర్స్ నమ్మకం, అందులో నిజముంది. ప్రభుత్వం సంఘం మీద పెత్తనం చేయకూడదనే పట్టుదలతో 1843లో 450 మందికి పైగా బోధకులను వెంటబెట్టుకుని ఆ దేశపు అధికార సంఘం నుంచి బయటికి నడిచినవాడు కూడా ఆయనే. జీతాలు, ఇళ్లు వదులుకున్న వాళ్ల చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేరు.

రెండేళ్లకు ఐర్లండ్‌లో బంగాళాదుంప తెగులు మొదలైంది. లండన్ ఖజానా శాఖలో కరువు సాయం చూసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్, భక్తి గల ఎవాంజెలికల్ క్రైస్తవుడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని, ఉచిత సాయం మనుషులను పాడు చేస్తుందని, ఈ విపత్తు దైవసంకల్పమని నమ్మాడు. సుమారు పది లక్షల మంది చనిపోయారు. స్వచ్ఛంద దానమే చాలని జీవితమంతా చెప్పిన చామర్స్, 1847లో, తాను చనిపోయిన ఏడే, ప్రభుత్వం ఉదారంగా ఖర్చు పెట్టాలని, ధాన్యంతో మద్యం కాయడం ఆపించాలని రాశాడు. పేటలో పనిచేసిన సూత్రం దేశవ్యాప్త కరువులో పనిచేయదని ఆయనకు అర్థమైంది. ట్రెవెల్యన్‌కు అర్థం కాలేదు. ఒకే విశ్వాసం, ఒకే అర్థశాస్త్రం ఉన్న ఇద్దరి మధ్య ఈ తేడా నాకు ఏ సిద్ధాంత గ్రంథం కంటే ఎక్కువ చెబుతుంది. ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కొత్త పన్నులను బాహాటంగా వ్యతిరేకించి మరుసటి ఏడాదే పదవి పోగొట్టుకున్నాడు. పన్నుల విషయంలో ఆయన మాట మన రైతుకు మేలే చేసేది. ఒకే సూత్రం ఒక చోట ప్రాణం నిలపగలదు, మరొక చోట తీయగలదు.

1876లో మద్రాసు రాజధానిలో వానలు మొహం చాటేశాయి. మనవాళ్లు ధాత కరువుగా చెప్పుకునే కరువు అది. వైస్రాయ్ లిట్టన్ ధాన్యం ధరల జోలికి వెళ్లవద్దన్నాడు. 1877లో కరువు పనులను పరిశీలించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్, కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. అరకిలో కంటే తక్కువ గింజలతో రోజంతా మట్టి తవ్వాలి. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు, అప్పటికే నష్టం జరిగిపోయింది.

అదే సమయంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడన్నది ఈ మొత్తం చర్చలో నాకు అత్యంత విలువైన ఉదాహరణ. సర్వే పని తెలిసినవాడు కావడంతో, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఎక్కువగా మాదిగ కుటుంబాలతో పని చేయించి కూలి ఇచ్చాడు. కరువు సాయం ఆశతో వచ్చారన్న మాట రాకూడదని, ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మిషను సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన క్రైస్తవ సంఘాల్లో అందరికీ తెలుసు. దాని వెనక ఉన్న కాలువ లెక్క అంతగా తెలియదు. ఆ కాలువలో మూడు విషయాలు కలిశాయి: డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ సంఘానిది, తినే అన్నం చెమటోడ్చి సంపాదించినది. ప్రభుత్వం తప్పుకుని ఉంటే క్లౌ దగ్గర అంత డబ్బు లేదు. ప్రభుత్వమే అంతా చేసి ఉంటే ఆ కూలీల పేర్లు తెలిసిన మేస్త్రీలు దొరికేవారు కాదు.

జర్మనీలో ఫ్రెడరిక్ రైఫైజెన్ నడిచిన దారి కూడా దీనికి దగ్గరిదే. 1846-47 ఆకలి చలికాలంలో ఒక చిన్న ఊరికి పెద్దగా ఉన్న ఆయన మొదట కలిగినవాళ్ల దానంతో రొట్టె పంచాడు. దానం ఎక్కువ కాలం నిలవదని అనుభవంతో తెలుసుకుని, 1864లో హెడెస్‌డోర్ఫ్‌లో రైతులే ఒకరికొకరు పూచీ ఉండే అప్పుల సంఘం పెట్టాడు. సభ్యులంతా ఒకరినొకరు ఎరిగిన చిన్న పరిధి, జీతం తీసుకోని నిర్వాహకులు, పంచుకోకూడని నిధి: ఈ నియమాలన్నీ ఆయన క్రైస్తవ నమ్మకం నుంచి వచ్చినవే. మద్రాసు ప్రభుత్వం వడ్డీ వ్యాపారుల బెడదకు దారి వెతకమంటే ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1895, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. ఐరోపా పద్ధతులన్నీ చూసి, మనకూ ఒక రైఫైజెన్ కావాలన్నదే ఆయన తేల్చిన మాట. 1904 సహకార చట్టం ఆ దారిలోనే వచ్చింది. ఊరి సహకార సంఘంలో ఎరువుల కోసం నిలబడే మన రైతుకు ఈ వంశవృక్షం తెలియకపోవడం సహజమే. ఆ తర్వాత ఆ సంఘాల పగ్గాలు ప్రభుత్వ అధికారుల చేతికి, రాజకీయాల చేతికి పోయాయి. కింది సంస్థను పై సంస్థ మింగడం అంటే ఏమిటో చూడటానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు.

1931లో పోపు పదకొండవ పయస్ 'క్వాద్రగేసిమో అన్నో'లో దీన్నే సూత్రంగా చెప్పాడు: చిన్న సంస్థ చేయగలిగిన పనిని పెద్ద సంస్థ లాక్కోవడం అన్యాయం, పెద్దది చిన్నదానికి ఆసరాగా మాత్రమే ఉండాలి. కైపర్ భాషలో కుటుంబం, సంఘం, విశ్వవిద్యాలయం, వ్యాపారం ఎవరి పరిధిలో వాళ్లు దేవునికే జవాబుదారులు, ప్రభుత్వానికి అద్దెదారులు కారు. రెండు మాటలూ పైకి ఒకేలా ఉన్నా ఒక తేడా ఉంది. కేథలిక్ ఆలోచనలో పై సంస్థకు సాయం చేసే బాధ్యత స్పష్టంగా ఉంది. కైపర్ ఆలోచనలో సరిహద్దు గీతలే గట్టిగా కనబడతాయి. 1901 నుంచి 1905 వరకు నెదర్లాండ్స్ ప్రధానిగా ఉన్న కైపర్, 1903లో రైల్వే కార్మికులు సమ్మె చేస్తే దాన్ని అణిచే చట్టాలు తెచ్చాడు. కార్మికుల కష్టం మీద అంత గొప్పగా మాట్లాడిన మనిషి ఆ రోజు ఎటు నిలిచాడన్నది ఆయనను అభిమానించే నాలాంటివాళ్లు దాటవేయకూడని విషయం.

కుటుంబం దగ్గర ఈ సంప్రదాయానికి గొప్ప బలమూ, ఒక లోపమూ ఉన్నాయి. కూలి అంటే సరఫరా, గిరాకీ తేల్చే అంకె మాత్రమే కాదు, మనిషి తన ఇంటిని నడపగలిగేంత ఉండాలన్నది బలం. ఆకలికి తలొగ్గి కూలీ తక్కువకు ఒప్పుకుంటే ఆ ఒప్పందం స్వేచ్ఛగా జరిగినట్టు కాదని పదమూడవ లియో అన్నాడు. దీనికి స్వేచ్ఛా మార్కెట్ వాదులు ఇచ్చిన జవాబుల్లో నన్ను ఒప్పించినది లేదు. లోపం ఏమిటంటే, ఇల్లు నడిపేవాడు మగవాడే అనుకోవడం. నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే అయిన మన పల్లెల్లో ఆ అంచనా వాళ్ల కూలి తగ్గించడానికే పనికొస్తుంది. 1981లో పోపు రెండవ జాన్ పాల్ పని గురించి రాసినప్పుడు, కుటుంబ పెద్ద జీతంతో పాటు కుటుంబాలకు ప్రభుత్వ భత్యాలు కూడా ఒక మార్గంగా చెప్పాడు. మార్పు వచ్చింది, కానీ ఆలస్యంగా, అరకొరగా.

ఈ ఆలోచనలు ఒక దేశాన్ని నిలబెట్టిన సందర్భం జర్మనీ. హిట్లర్ కాలంలో ఫ్రైబర్గ్‌లో వాల్టర్ ఆయ్‌కెన్, ఫ్రాంజ్ బోమ్, కాన్‌స్టాంటిన్ ఫాన్ డీట్సె లాంటి కొందరు క్రైస్తవ అర్థశాస్త్రవేత్తలు యుద్ధం తర్వాత దేశం ఎలా ఉండాలో రహస్యంగా రాసుకున్నారు. ఆ రాతకు ప్రేరణ ఇచ్చిన వేదాంతి బోన్‌హోఫర్‌ను నాజీలు ఉరితీశారు, డీట్సెను జైల్లో వేశారు. నిరంకుశ ప్రభుత్వాన్ని దగ్గరగా చూసిన వీళ్లకు, పెద్ద పెద్ద కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించే పద్ధతి ఆ నిరంకుశత్వానికి దారి వేసిందని కూడా తెలుసు. అందుకే పోటీ ఉండాలి, ఆ పోటీని కాపాడే బలమైన చట్టమూ ఉండాలన్నారు. 1948 జూన్‌లో కొత్త కరెన్సీ వచ్చింది, ఆర్థిక వ్యవహారాల అధికారి లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా సరుకుల మీద ధరల అదుపు ఎత్తేశాడు. అయితే అక్కడితో ఆగలేదు. 1951లో బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక మండళ్లలో కార్మికులకు సమాన స్థానం ఇచ్చారు. తర్వాతి కాలంలో అమెరికన్లు ఈ కథలో మొదటి సగాన్నే ఎక్కువగా చెప్పుకున్నారు.

అమెరికాలో వాదం వాడిగా సాగింది. 1982లో మైకేల్ నొవాక్, ప్రజాస్వామ్యం, మార్కెట్, నైతిక సంస్కృతి మూడూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకునే వ్యవస్థే క్రైస్తవ విశ్వాసానికి దగ్గరిదని రాశాడు. 1986లో అమెరికన్ కేథలిక్ బిషప్పులు, ఏ ఆర్థిక విధానాన్నైనా పేదలకు ఏం చేస్తుందో చూసి తూచాలన్నారు. 1990లో మిషిగన్‌లో మార్కెట్ పక్షాన మాట్లాడే క్రైస్తవ సంస్థ ఆక్టన్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1991లో జాన్ పాల్, కమ్యూనిజం కూలిన మరుక్షణంలో, పెట్టుబడిదారీ విధానమే దారా అన్న ప్రశ్నకు సూటిగా అవును, కాదు అనలేదు. చొరవకు, మార్కెట్‌కు చోటిచ్చే విధానమైతే అవును, చట్టపు కట్టు లేని స్వేచ్ఛ అయితే కాదు అన్నాడు. ప్రతి పక్షమూ తనకు నచ్చిన సగాన్ని పట్టుకుంది. 1992లో మార్విన్ ఒలాస్కీ, పాత కాలపు సంఘ దానాలు ప్రభుత్వ సంక్షేమం కంటే మేలని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. చామర్స్ పేట మళ్లీ తెర మీదికి వచ్చింది, 1847 నాటి చామర్స్ మాత్రం రాలేదు. ఇక టీవీల్లో వినిపించే సమృద్ధి సువార్త, కానుక వేస్తే రెట్టింపు వస్తుందనే బోధ, ఈ చర్చలో భాగం కాదు. అది అప్పుల్లో ఉన్నవాళ్ల ఆశ మీద బతుకుతుంది.

వ్యక్తికీ ప్రభుత్వానికీ నడుమ ఉండే కుటుంబం, సంఘం లాంటి మధ్య సంస్థలు బలంగా ఉంటే ప్రభుత్వం చిన్నదైనా చాలన్నదే ఈ సంప్రదాయపు మూలం. మరి ఆ మధ్య సంస్థలే అన్యాయానికి నిలయమైతే? దక్షిణాఫ్రికాలో డచ్ సంస్కరణ సంఘాల వేదాంతులు కొందరు కైపర్ మాటలను వాడుకుని, ప్రతి జాతీ దేవుడు గీసిన వేరే పరిధి అన్నారు. వర్ణవివక్షకు అలా దైవముద్ర పడింది. 1982లో అదే సంప్రదాయంలోని మిశ్రజాతి సంఘం నుంచి బెల్హార్ విశ్వాస ప్రకటన రూపుదిద్దుకుంది, క్రీస్తులో కలిసినవాళ్లను చర్మం రంగుతో విడదీయడం సువార్తకే విరుద్ధమని చెప్పింది. మన దగ్గర ఊరే ఆ మధ్య సంస్థ. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల రక్తంతో తడిశాయి. వాళ్లలో క్రైస్తవులు చాలామంది. ఊరి కట్టుబాటు, స్థానిక పెద్దరికం, ఇరుగుపొరుగు అన్నీ అక్కడ ఉన్నాయి. లేనిది చట్టపు రక్షణే. తెలుగు క్రైస్తవుడికి పరిమిత ప్రభుత్వం గురించి అమెరికన్ పుస్తకం చెప్పే మాట పూర్తిగా అతకకపోవడానికి కారణం ఇదే. అదే సమయంలో ప్రభుత్వం తనకు పూర్తి స్నేహితుడని కూడా అతను అనుకోలేడు. దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులాల జాబితాలో చోటు లేదని చెప్పినది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వే. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు సడలించినా క్రైస్తవులకు సడలించలేదు.

అందువల్ల మన సంఘాలకు దొర్నకల్ బిషప్ అజరయ్య బాట ఇప్పటికీ అవసరమని నేను నమ్ముతాను. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, అంతకుముందే 1905లో మన మనుషులతో, మన డబ్బుతోనే నడిచే జాతీయ మిషనరీ సమాజాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకడు. నిరుపేద మాల, మాదిగ విశ్వాసులు కూడా ఇవ్వగలరని, ఇచ్చినప్పుడే సంఘం తమదవుతుందని పట్టుబట్టి నేర్పాడు. వంటకు ముందు తీసి పెట్టే పిడికెడు బియ్యం ఆ క్రమశిక్షణకు తెలుగు రూపం. విదేశీ నిధులకూ, ప్రభుత్వ గ్రాంటుకూ చేయి చాచని స్వాతంత్ర్యం అది. ఆ స్వాతంత్ర్యం పేదలు సంపాదించుకున్నది, వాళ్ల మీద రుద్దిన పొదుపు కాదు.

2025 మేలో ఎన్నికైన పోపు లియో పేరు తీసుకుంటూ, పదమూడవ లియోనూ ఆయన కార్మిక లేఖనూ కారణంగా చెప్పారు. యంత్రాలే ఆలోచించే కాలంలో మనిషి పనికి గౌరవం ఎలా అన్నది తన ముందున్న ప్రశ్న అన్నారు. ఆ చర్చ పెద్ద వేదికల మీద సాగుతుంది, సాగాలి. మనకు అంతకంటే దగ్గరి పని ఒకటుంది. తెలుగు నేల మీద సంఘాలు, మిషన్లు వందల బడులు, ఆస్పత్రులు, హాస్టళ్లు నడుపుతున్నాయి. టీచర్లకు, నర్సులకు, వంటమనిషికి, కాపలాదారుకు జీతం ఇచ్చే యజమాని సంఘమే. ప్రభుత్వం ఏం చేయాలి, మార్కెట్ ఏం చేయకూడదు అని తీర్మానాలు చేసే ముందు, ప్రతి సినడు, ప్రతి డయాసిస్ తన జీతాల రిజిస్టరు తీసి, అందులో ఆఖరి వరుసలో ఉన్న మనిషి ఆ డబ్బుతో ఇల్లు నడపగలడా అని లెక్క వేయాలి. ఆ లెక్కను సాధారణ సభలో సభ్యుల ముందు పెట్టాలి.